లెక్క గోడ మీద రాయాలి, ఊరి ముందు చదవాలి!

ఉపాధి కూలీలారా, రైతులారా, రేషన్ కార్డుదారులారా, బడిపిల్లల తల్లులారా!

ఈ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకునే ముందు కాసేపు నిలబడి చదవండి. చదవడం రాని పెద్దవాళ్లు పక్కనుంటే వాళ్లకు వినిపించండి.

ఈ ఏడాది మన పంచాయతీకి ఆర్థిక సంఘం నిధులు ఎన్ని లక్షలు వచ్చాయి? అందులో వీధి దీపాలకు ఎంత పోయింది, బ్లీచింగ్ పౌడరుకు ఎంత, బోరు మోటారు రిపేరుకు ఎంత? మనం ఎండలో నిలబడి తవ్విన కందకాలకు ఎన్ని పనిదినాలు రాశారు? పోయిన నెల రేషన్ షాపులో ఎన్ని క్వింటాళ్ల బియ్యం దిగాయి, ఎన్ని పంచారు, ఎన్ని మిగిలాయి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కుక్కకాటు సూదిమందు ఈ పూట ఉందా, లేదా? పంట నష్టం జాబితాలో ఎవరి సర్వే నంబరు ఎక్కింది, ఎవరిది జారిపోయింది?

వీటికి జవాబులు లేక కాదు. ప్రతిదానికీ ఒక రిజిస్టరు ఉంది, ఒక సంతకం ఉంది, ఒక తేదీ ఉంది. ఆ రిజిస్టర్లు బీరువాల్లో ఉన్నాయి. లోపల ఏముందో తెలియనంత కాలం మనం కౌంటరు దగ్గర చేతులు కట్టుకుని నిలబడుతున్నాం. "స్టాకు లేదు", "సర్వర్ పనిచేయట్లేదు", "పైనుంచి రాలేదు", "నీ పేరు లేదు". వాళ్లు ఏది చెబితే అది విని వెనక్కి తిరిగి వస్తున్నాం.

మేం అడుగుతున్నది ఒక్కటే. రిజిస్టరులో ఉన్నది గోడ మీదికి రావాలి. గోడ మీద రాసినదాన్ని గ్రామసభలో మైకు పట్టుకుని చదవాలి. తప్పుంటే అక్కడే చెప్పే అవకాశం మనకు ఉండాలి.

ఎవరైనా దయతలచి ఇవ్వాల్సింది కాదు ఇది. 2005లో పార్లమెంటు చేసిన సమాచార హక్కు చట్టంలో ఉంది. ఆ చట్టం అనగానే దరఖాస్తు, పది రూపాయలు, 30 రోజులు అని మనకు గుర్తొస్తుంది. కానీ దరఖాస్తు సంగతి ఆ చట్టంలో 6వ సెక్షన్‌లో వస్తుంది. అంతకంటే ముందున్న 4వ సెక్షన్ చదవండి. ఎవరూ అడక్కుండానే ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తాను బయటపెట్టాల్సిన విషయాలు 17 అందులో ఉన్నాయి. ఆఫీసులో ఎవరు ఏ పని చేస్తారు, ఎవరి జీతం ఎంత, బడ్జెట్ ఎంత, దేనికి ఖర్చుపెట్టారు, సబ్సిడీలు ఎవరికి అందాయి, అన్నీ. చట్టం వచ్చిన 120 రోజుల్లో ఇవి బయటపెట్టి, ఆ తర్వాత ఏటా సరిచేస్తూ పోవాలని గడువు కూడా పెట్టారు. ఆ గడువు ముగిసి ఎన్నేళ్లయిందో మీరే లెక్కపెట్టుకోండి.

ఎలా బయటపెట్టాలో కూడా చట్టం చెప్పింది. స్థానిక భాషలో, జనానికి తేలిగ్గా అందేలా, నోటీసు బోర్డుల మీద, పత్రికల్లో, బహిరంగ ప్రకటనల ద్వారా, ఇంటర్నెట్‌లో. బహిరంగ ప్రకటన అంటే మన ఊళ్లో చాటింపే. రేషన్ బండి వచ్చినప్పుడు, పోలియో చుక్కల రోజున చాటింపు వేయించగలిగినవాళ్లు పంచాయతీ లెక్కకు కూడా వేయించగలరు. ఇంటర్నెట్‌లో పెట్టాం, వెళ్లి చూసుకోండి అంటే సరిపోదు. ఇంగ్లీషులో ఉన్న వెబ్‌సైటును మన అవ్వ ఎక్కడ చూస్తుంది?

ఈ హక్కు పుట్టిన చోటు ఢిల్లీ కాదని అందరికీ తెలియాలి. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, చిన్న రైతుల సంఘం ఉంది. అరుణా రాయ్, నిఖిల్ దే, శంకర్ సింగ్ వంటివాళ్లు ఊరి జనంతో కలిసి 1990లో దాన్ని పెట్టారు. కరువు పనులకు పోయినవాళ్లకు కనీస వేతనం ఇవ్వలేదు. ఎందుకని అడిగితే "మీరు అంత పని చేయలేదు, రికార్డులో అలాగే ఉంది" అన్నారు. అయితే ఆ రికార్డు చూపించండి అన్నారు కూలీలు. రహస్యం అన్నారు అధికారులు. గొడవంతా అక్కడ మొదలైంది. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్లో టెంటు వేసి, సంపాదించిన కాగితాలను జనం ముందు ఒక్కొక్కటిగా చదివారు. అదే మొదటి జన సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నాకు కూర్చున్నారు. పంచాయతీ ఖర్చుల కాగితాలకు జిరాక్సు కాపీలు ఇవ్వాలన్నదే వాళ్ల డిమాండు. మా డబ్బు, మా లెక్క అన్నది వాళ్ల నినాదం. ఆ జిరాక్సు కాపీల పోరాటమే పెరిగి పెద్దదై తొమ్మిదేళ్ల తర్వాత దేశమంతటికీ చట్టమైంది.

అక్కడితో ఆగకుండా ఆ పద్ధతి మన అనంతపురం నేలకు కూడా వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మన జిల్లాలోని బండ్లపల్లిలో ఉపాధి హామీని ప్రారంభించారు. ఉపాధి హామీ చట్టంలో 17వ సెక్షన్, పనుల మీద గ్రామసభే తనిఖీ చేయాలని చెప్పింది. దేశంలో చాలాచోట్ల అది కాగితం మీదే ఉండిపోయింది. మన రాష్ట్రంలో మాత్రం ప్రభుత్వమే ముందుకొచ్చి సామాజిక తనిఖీ చేయించింది. 2006లోనే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున తనిఖీ పాదయాత్ర జరిగింది. 2009లో దీనికోసమే ఒక ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. మంచి పని ఎవరు చేసినా చెప్పుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ తనిఖీని చూసి నేర్చుకోవడానికి మిగతా రాష్ట్రాలవాళ్లు ఇక్కడికి వచ్చారు.

తనిఖీ ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు తెలుసు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాం. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకే శిక్షణ ఇస్తారు. వాళ్లు సొంత ఊళ్లో కాకుండా వేరే ఊళ్లో తిరుగుతారు. మండలాఫీసు నుంచి హాజరు మస్టర్లు, కొలతలు రాసే ఎం.బుక్కులు, బిల్లులు తీసుకుంటారు. ఇంటింటికీ పోయి జాబ్ కార్డు పక్కన మస్టరు పెట్టి చదువుతారు. "నువ్వు ఈ వారం పనికి పోయినావా? ఎన్ని రోజులు? చేతికి ఎంత వచ్చింది?" అని అడుగుతారు. పని జరిగిన చోటికి టేపు తీసుకుపోయి కొలుస్తారు. ఆ తర్వాత గ్రామసభ, ఆ పైన మండలంలో ప్రజావేదిక. అధికారులు వేదిక మీద, కూలీలు ఎదురుగా, మైకు మధ్యలో.

మాలో కొందరం కళ్లారా చూసిన ఒక ప్రజావేదిక సంగతి ఇది. ఒక ముసలామె పేరు చదివారు. మస్టరులో ఆరు రోజులకూ సంతకాలున్నాయి. గుండ్రటి అక్షరాలతో, పొడి అక్షరంతో సహా, ఆరు పెట్టెల్లోనూ ఒకే తీరుగా. ఆమెను మైకు దగ్గరకు పిలిచి, "అవ్వా, ఈ సంతకం నీదేనా?" అని అడిగారు. ఆమె మాట్లాడలేదు. తన బొటనవేలు ఎత్తి చూపింది. ఇంటి పన్ను రసీదు దగ్గర్నుంచి కొడుకు పెళ్లి అప్పు పత్రం దాకా ఆమె జీవితంలో అన్నిటికీ వేలిముద్రే వేసింది. టెంటు కింద ఉన్న జనమంతా ఒక్కసారిగా లేచారు. ఆ తర్వాత ఫారంపాండ్ వంతు వచ్చింది. ఎం.బుక్కులో లోతు రెండు మీటర్లు. తనిఖీ పిల్లలు టేపు దించితే ఒక మీటరు దాటగానే నేల తగిలింది. "వానకు పూడిపోయింది సార్" అన్నాడు సంబంధిత ఉద్యోగి. వెనక నుంచి ఒక రైతు లేచి, "వాన ఎప్పుడు పడింది సార్, తేదీ చెప్పండి" అన్నాడు. మన జిల్లాలో వాన పడిన తేదీ ప్రతి రైతుకూ గుర్తుంటుంది. ఆ ఒక్క ప్రశ్నతో మాట ఆగిపోయింది.

ఆ ముసలామె ఆఫీసుకు ఒంటరిగా పోయి ఉంటే ఏమయ్యేది? గేటు దగ్గరే ఆపేసేవాళ్లు. ఆమెకు బలం ఇచ్చింది కాగితం పదిమంది ముందుకు రావడం, దాన్ని గట్టిగా చదవడం. ఈ రెండూ కలిసి ఉండాలి. కాగితం ఉండి జనం లేకపోతే అది ఫైలులో ఒక ఫిర్యాదుగా మిగులుతుంది. జనం ఉండి కాగితం లేకపోతే అరుపులు, కేకలతో పొద్దు గడిచిపోతుంది.

లెక్క బయటపెడితే నిజంగా సేవలు బాగుపడతాయా అని కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. ఆఫ్రికాలోని ఉగాండాలో జరిగింది వినండి. 1991 నుంచి 1995 వరకు అక్కడి ప్రైమరీ బడులకు కేంద్రం పంపిన తలసరి గ్రాంటులో సగటున 13 శాతమే బడి దాకా చేరిందని ఒక పరిశీలనలో తేలింది. మిగతాది దారిలో జిల్లాల్లోనే ఆగిపోయింది. ఆ తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఏ నెల ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది. బడికి అందిన మొత్తాన్ని బడి దగ్గరే నోటీసుగా పెట్టాలని చెప్పింది. 2001 నాటికి 80 శాతానికి పైగా డబ్బు బడికి చేరింది. పత్రికలవల్లే ఇంత మార్పు వచ్చిందని చెప్పలేం. అదే కాలంలో ఇతర సంస్కరణలూ జరిగాయి. అయినా తన బడికి ఎంత రావాలో హెడ్‌మాస్టరుకూ తల్లిదండ్రులకూ తెలియకపోతే ఆ 80 శాతం సాధ్యమయ్యేది కాదని మా నమ్మకం.

మన ఊరికే వద్దాం. రేషన్ షాపు. 2021లో ఇంటి ముందుకు బండి వచ్చింది, 2025 జూన్ నుంచి మళ్లీ షాపు దగ్గరకే పోతున్నాం. పద్ధతి ఎన్నిసార్లు మారినా తూకం మీద అనుమానం మాత్రం పోలేదు. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు అని రాసింది. ఆ చట్టమే షాపు రికార్డులను జనం చూసేలా తెరిచి ఉంచాలని, సామాజిక తనిఖీ జరగాలని, షాపు స్థాయిలో కూడా విజిలెన్స్ కమిటీ ఉండాలని చెప్పింది. ఆ కమిటీలో దళితులకు, గిరిజనులకు, ఆడవాళ్లకు, వికలాంగులకు చోటుండాలి. మన షాపు విజిలెన్స్ కమిటీలో ఎవరున్నారు? మీకు తెలుసా? మేం చాలా ఇళ్లలో అడిగాం. ఒక్కరూ చెప్పలేకపోయారు. కమిటీ ఉంటే పేర్లు షాపు గోడ మీద రాయండి. లేకపోతే వేయండి.

పంట నష్టం విషయంలో ఎంత నలిగిపోయామో శెనక్కాయ రైతుకు వేరే చెప్పాలా? ఈ-క్రాప్‌లో పేరు ఎక్కితేనే బీమా, ఎక్కితేనే ఇన్‌పుట్ సబ్సిడీ. జాబితా అంటించి అభ్యంతరాలు తీసుకోవాలన్న పద్ధతి ఉంది. కానీ ఆ కాగితం ఏ పొద్దు అంటిస్తారో, ఏ పొద్దు చింపేస్తారో తెలియదు. గడువు అయిపోయాక "అప్పుడే చెప్పి ఉండాల్సింది" అంటారు. బెంగళూరులో బేల్దారి పనికి పోయిన రైతు ఎప్పుడు వచ్చి చూసుకుంటాడు? జాబితా అంటించే రోజుకు ముందే చాటింపు వేయాలి, ఊరి వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాలి, గ్రామసభలో సర్వే నంబర్లతో సహా చదవాలి. వలసపోయినవాళ్ల పేర్లను ఇంటివాళ్లయినా వింటారు.

ఇక ఆసుపత్రి. ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. ఎందుకంటే పారదర్శకత అంటే ఉద్యోగుల మీద కక్ష అని ప్రచారం చేసేవాళ్లున్నారు.

కుక్క కరిచిన పిల్లవాణ్ణి ఎత్తుకుని తల్లి రాత్రిపూట ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. మందు లేదు. ఆ తల్లి ఎవరిమీద అరుస్తుంది? ఎదురుగా కనిపించిన నర్సమ్మ మీద. కానీ ఆ నర్సమ్మ మందు అయిపోతోందని ముందే ఇండెంటు పంపి ఉండవచ్చు. ఆ ఇండెంటు పై ఆఫీసులో ఎక్కడో ఆగి ఉండవచ్చు. మందుల స్టాకు బోర్డు గోడ మీద ఉండి, ఏ తేదీన ఇండెంటు పంపామో, ఎంత వచ్చిందో అందులో రాసి ఉంటే, మన కోపం ఆమె మీద కాక ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది. పంచాయతీ కార్యదర్శి సంగతీ అంతే. పని జరగకుండానే బిల్లు పెట్టమని ఒత్తిడి చేసే నాయకుడికి, "అన్నా, ఇది రేపు గ్రామసభలో చదవాలి" అని చెప్పగలిగితే ఆ ఉద్యోగికి అంతకంటే రక్ష ఏముంది? నిజాయితీగా పనిచేసే ఉద్యోగులారా, ఈ పోరాటంలో మీరు మావైపు ఉండాల్సినవాళ్లు. బోర్డు రాయించండి, మేం మీ వెంట నిలబడతాం.

బడి సంగతి ఇక్కడ కొద్దిగా. మధ్యాహ్న భోజనం మెనూ గోడ మీద రాసే ఉంటుంది. రాసినది పళ్లెంలోకి వస్తోందా అన్నదే ప్రశ్న. ఈ రోజు ఎంతమంది పిల్లలు తిన్నారు, ఎన్ని గుడ్లు వచ్చాయి అనే రెండు అంకెలు మెనూ పక్కన సుద్దముక్కతో రాస్తే చాలు. బడి యాజమాన్య కమిటీలో ఉన్న తల్లులే ఆ పని చూసుకోగలరు.

ఇంత చెప్పాక అన్నీ సజావుగా ఉన్నాయని అనుకోకండి. వెనక్కి లాగే చేతులు చాలా ఉన్నాయి, అవి కూడా తెలుసుకోవాలి.

ఉపాధి పనుల సామాజిక తనిఖీల్లో 2017-18 నుంచి 2020-21 వరకు దేశం మొత్తం మీద దాదాపు 935 కోట్ల రూపాయల దుర్వినియోగం తేలింది. అందులో తిరిగి రాబట్టింది పన్నెండున్నర కోట్లు మాత్రమే. వంద రూపాయలు పోతే రూపాయిన్నర కూడా వెనక్కి రాలేదు. తనిఖీ పిల్లలు ఎండలో తిరిగి, బెదిరింపులు భరించి, రాత్రుళ్లు బడి వరండాల్లో పడుకుని తేల్చిన లెక్క అది. తేలిన తర్వాత చర్య తీసుకోవాల్సినవాళ్లు కదల్లేదు. అందుకే రికవరీ ఎంత జరిగిందో కూడా అదే గోడ మీద రాయాలని అడుగుతున్నాం. తప్పు చేసినవాడి దగ్గర ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎందుకు ఆగింది.

జీవోల విషయం గుర్తుందా? 2021 ఆగస్టులో మన రాష్ట్ర ప్రభుత్వం జీవోలను ఎప్పటిలా వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ తెరిచారు. తెరిచినందుకు సంతోషమే. అయితే ఒక ప్రభుత్వం మూసేయగలిగి, ఇంకో ప్రభుత్వం తెరవగలిగిందంటే, అది ఇంకా మన చేతుల్లోకి రాలేదని అర్థం. పక్కన తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేకుండా పోయారు. అప్పీలు చేసుకున్నవాళ్ల కాగితాలు అలాగే పడి ఉండిపోయాయి. అధికారంలో ఏ పార్టీ ఉన్నా తలుపు వేసేయాలన్న ఆశ పుడుతూనే ఉంటుంది. మేం ఏ పార్టీ తరఫునా ఈ కరపత్రం వేయలేదు.

ఇంకొకటి. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దానితోపాటు సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా దానికి ప్రజా వ్యవహారంతో సంబంధం ఉంటే, ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. పార్లమెంటుకు, శాసనసభకు ఇవ్వగలిగిన సమాచారాన్ని మామూలు మనిషికి కాదనకూడదన్న వాక్యం కూడా ఉండేది. సవరణ ఆ రెండింటినీ తీసేసి, వ్యక్తిగత సమాచారం అన్న ఒక్క మాట మిగిల్చింది. రేపు మస్టరు అడిగితే "అందులో పేర్లున్నాయి, ఇవ్వం" అనే వీలు కలిగింది. దీనికి మన జవాబు స్పష్టంగా ఉండాలి. మన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, మన రోగం వివరాలు గోడ మీద రాయకూడదు. అది మనమూ ఒప్పుకోం. కానీ ప్రజల డబ్బుతో కూలి తీసుకున్న మనిషి పేరు, పని చేసిన రోజులు, ఇచ్చిన మొత్తం రాయాల్సిందే. పేర్లు దాస్తే దొంగ పేర్లను పట్టుకునేదెలా? ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉన్నప్పుడు సమాచారం ఇవ్వవచ్చని చెప్పే 8(2) సెక్షన్ ఇంకా ఉంది. కాదన్నప్పుడు ఆ సెక్షన్ పేరు చెప్పండి.

అడిగినవాళ్లకు ప్రమాదం లేదని మేం అబద్ధం చెప్పం. పుణే దగ్గర తళేగావ్‌లో భూముల కుంభకోణాలు బయటపెట్టిన సతీశ్ శెట్టిని 2010 జనవరి 13న పొద్దున నడకకు వెళ్లినప్పుడు నరికి చంపారు. దేశంలో ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఒక్కరే దరఖాస్తు పట్టుకుని పోవద్దు. ఒకే ప్రశ్నను ముప్పై ఇళ్ల నుంచి ముప్పై దరఖాస్తులుగా వేద్దాం. అప్పుడు పగ పెట్టుకోవడానికి ఒక మనిషి ఉండడు, జవాబు చెప్పడానికి ఊరు ఉంటుంది. గోడ మీద రాయమని మేం పట్టుబట్టడానికి అసలు కారణం కూడా ఇదే. గోడ మీద ఉన్న లెక్కను ఎవరు చదివారో, ఎవరు అడిగారో ఎవరికీ తెలియదు. భయపడే మనిషి కూడా నీళ్ల బిందె దించుకుని ఒక్క క్షణం నిలబడి చదివి పోగలడు.

దరఖాస్తు రాయడం కష్టమేమీ కాదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, ఆ ప్రశ్న వేసే హక్కు అధికారికి లేదు. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, దాన్ని కాగితం మీద పెట్టడంలో సాయం చేయాల్సిన బాధ్యత ఆ అధికారిదే. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. మా శాఖది కాదు అంటే, సరైన శాఖకు 5 రోజుల్లో వాళ్లే పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు, ప్రాణానికి సంబంధించిన విషయమైతే 48 గంటలు. గడువు దాటితే కాగితాలు ఉచితంగా ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారి మీద సమాచార కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయవచ్చు. జవాబు రాకపోయినా, నచ్చకపోయినా 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో కమిషన్‌కు రెండో అప్పీలు. కాపీలే కాదు, రికార్డులను ఆఫీసులో కూర్చుని స్వయంగా చూసే హక్కు కూడా ఉంది, మొదటి గంటకు రుసుము లేదు. జరుగుతున్న పనిని తనిఖీ చేయవచ్చు, సిమెంటు రోడ్డు నుంచి ధ్రువీకరించిన నమూనా అడగవచ్చు.

ఇలా రాయండి: "సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద కోరుతున్నాను. గత ఆర్థిక సంవత్సరంలో మా గ్రామ పంచాయతీకి వచ్చిన నిధులు, పనివారీ ఖర్చు, బిల్లుల కాపీలు ఇవ్వండి. సెక్షన్ 4 ప్రకారం ఈ వివరాలు నోటీసు బోర్డు మీద ఏ తేదీన పెట్టారో తెలపండి. పెట్టకపోతే అందుకు బాధ్యులైన అధికారి పేరు, హోదా తెలపండి." చివరి రెండు వాక్యాలు మరచిపోవద్దు. మొదటి ప్రశ్నకు జవాబు ఒక్క దరఖాస్తుదారుకు వస్తుంది. చివరి రెండింటివల్ల గోడ మీదికి లెక్క వస్తుంది.

ఉపాధి పథకం పేరు మారినా, చట్టం మారినా, రోజుల సంఖ్య మారినా మస్టరు మస్టరే. దాన్ని చూసే హక్కును ఎవరికీ వదులుకోవద్దు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు ఆమోదం తీసుకున్నారు. ఒకే రోజు అన్ని ఊళ్లలో సభలు పెట్టగల ప్రభుత్వానికి, ఆ పనుల ఖర్చు చదవడానికి కూడా ఒకే రోజు అన్ని ఊళ్లలో సభలు పెట్టడం కష్టం కాదు. ఆమోదించిన చేతులకే లెక్క అడిగే హక్కుంది.

వచ్చే సోమవారం మండలంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక రోజు. ఉదయం పది గంటలకు మండలాఫీసు ముందు కలుద్దాం. ఊరికి కనీసం పదిమంది రండి. జాబ్ కార్డు, రేషన్ కార్డు, పంట వివరాలున్నవాళ్లు ఈ-క్రాప్ రసీదు తెచ్చుకోండి. తెల్లకాగితాలు, పెన్నులు మేం తెస్తాం. చదువుకున్న పిల్లలు ముందే వస్తే పెద్దవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టవచ్చు. ఆడవాళ్లు తప్పకుండా రండి, రేషను, బడి, ఆసుపత్రి కష్టం ముందుగా తెలిసేది మీకే.

ఆ రోజు మనం పెట్టే డిమాండ్లు ఇవి: పంచాయతీ ఆఫీసు, సచివాలయం, రేషన్ షాపు, ఆరోగ్య కేంద్రం, బడి, ఈ ఐదు చోట్లా తెలుగులో బోర్డులు పెట్టి ప్రతి నెలా మొదటి వారంలో అంకెలు మార్చాలి. ప్రతి గ్రామసభలో మొదటి అంశంగా పోయిన సభ నాటి నుంచి జరిగిన ఖర్చు చదవాలి. సామాజిక తనిఖీలో తేలిన సొమ్ము వసూలు వివరాలు మండలాఫీసు గోడ మీద పెట్టాలి.

దరఖాస్తు ఇచ్చిన ప్రతి ఒక్కరూ తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వం అంటే అక్కడే నిలబడండి, పక్కనున్నవాళ్లు కూడా వెళ్లిపోకుండా ఉండండి. రసీదుల ఫోటోలు తీసి ఊరి గ్రూపులో పెట్టండి. 30 రోజుల తర్వాత వచ్చే సోమవారం మళ్లీ అక్కడే కలుస్తాం, జవాబు రానివాళ్ల మొదటి అప్పీళ్లు ఆ రోజే రాద్దాం.

ఇట్లు,
మీ ఊళ్లవాళ్లమే: ఉపాధి కూలీలు, శెనక్కాయ రైతులు, బడిపిల్లల తల్లులు

(చదివాక పారేయకండి, పక్కింటికి ఇవ్వండి.)